భోజనం తర్వాత రెండు అధ్యాయాలు

ఉదయం ఎనిమిదయ్యేసరికి ఆ ఇంటి ముందు రెండు వరసలు తయారయ్యేవి. ఒకటి ఎడమవైపు గదికి, అక్కడ డాక్టరు కూర్చుంటాడు. రెండోది కుడివైపు గదికి, అక్కడ డాక్టరు తల్లి కూర్చుంటుంది. డాక్టరుకి మింగుడుపడని సంగతి ఒకటే. తన గదిలోంచి మందుల చీటీ పట్టుకుని బయటికొచ్చినవాళ్ళు తిన్నగా ఇంటికి పోకుండా తల్లి గది ముందు వరస చివర నిలబడేవారు.

ఆవిడ పెద్దాసుపత్రి మందుల కౌంటర్లో ముప్ఫై రెండేళ్ళు పనిచేసింది. రిటైరై ఏడేళ్ళయినా అందరికీ ఇంకా కాంపౌండరమ్మే. ఇప్పుడిచ్చేవి మాత్రలు కావు, పుస్తకాలు. అవీ అన్ని రకాలూ కాదు, సైన్స్ ఫిక్షన్ ఒక్కటే. మూడు చెక్క బీరువాల నిండా గ్రహాలు, రాకెట్లు, మరమనుషులు. వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, నాలుగు ప్రశ్నలడిగి, ఒక పుస్తకం తీసి, పాత అలవాటు పోక అందులో ఒక మందుల కవరు దోపేది. ఎలా వాడాలో ఆ కవరు మీద రాసి ఉండేది.

"నిద్రెందుకు పట్టట్లేదు?" ఆ ఉదయం ఒక టైలరుని అడిగింది.

"కుట్టుమిషను చప్పుడు చెవుల్లో తిరుగుతూనే ఉంటుందమ్మా."

"అయితే నీకిది. గాలి లేని గ్రహం మీద ఎనిమిదిమంది చిక్కుకుపోతారు. ఎంత అరిచినా ఒకరి మాట ఒకరికి వినపడదు. రాత్రి భోజనం తర్వాత రెండు అధ్యాయాలు. మూడోది ముట్టుకున్నావంటే పొద్దున్న నువ్వు కుట్టే చొక్కాలకి చేతులొకచోట, మెడొకచోట ఉంటాయి."

టైలరు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కవరు మీద 'రాత్రి' అన్న గడిలో టిక్కు పెట్టి చేతికిచ్చింది. "కోర్సు పూర్తి చెయ్యాలి. సగంలో ఆపేవాళ్ళకి నా దగ్గర రెండో పుస్తకం లేదు."

టైలరు వెనకాల వచ్చినావిడకి కోడలితో పడదు. ఆవిడకి ఒకే శరీరంలో ఇద్దరు మనుషులు సర్దుకోవాల్సిన గ్రహం కథ ఇచ్చింది. ఉద్యోగం పోయిన గుమాస్తాకి మరమనుషులు సమ్మె కట్టిన కథ ఇచ్చింది. ఇదంతా తలుపు సందులోంచి డాక్టరు చెవిన పడుతూనే ఉంది. స్టెతస్కోపు పెట్టుకున్నా పడుతూనే ఉంది. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు కదా, ఊరంతా ఆవిడ చేతి పుస్తకం చదివింది గానీ కన్నకొడుకు ఒక్కటీ తెరిచి చూడలేదు.

పదిన్నరకి బస్సు డ్రైవరు పెద్దాయన వచ్చాడు. నలభై ఏళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి. గుండెలో ఒక వాల్వు పాడైంది. పెద్దాసుపత్రిలో దాన్ని మార్పించడానికి డాక్టరు తనకు తెలిసిన సర్జన్లందరినీ బతిమాలి తేదీ సంపాదించి పెట్టాడు.

"వచ్చే సోమవారం చేరాలి. ఆ రోజు దాటితే మళ్ళీ ఎప్పటికో," అన్నాడు డాక్టరు.

"చేరను డాక్టరుగారూ."

"అదేంటి?"

"ఇంతదూరం నడిపాను, చాలు. ఇంజను ఆపే హక్కు కెప్టెన్‌దే."

డాక్టరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. దూరపు నక్షత్రానికి బయల్దేరిన ఓడ ఒకటి ఉంది. దాని కెప్టెన్ ఒక ముసలావిడ. ఓడకి రోగమొస్తుంది. ఆవిడ మరమ్మతు వద్దని ఇంజను ఆపేసి ఓడని చీకట్లో వదిలేస్తుంది. ఎంతో ప్రశాంతంగా ఉంటుంది ఆ చివరి పేజీ.

"ఈ పుస్తకం మీకెవరిచ్చారు?" అని అడగనక్కర్లేదు. అయినా డాక్టరు అడిగాడు.

"అమ్మగారే. రెండో భాగం కూడా ఉందిట. మూడుసార్లు అడిగాను, రేపంటారు, ఎల్లుండంటారు. ఇక లేదేమోలే అనుకున్నా."

డాక్టరు కుర్చీ వెనక్కి పడింది. రెండు అంగల్లో అవతలి గదిలో ఉన్నాడు. పెద్దాయన ఆయాసపడుతూ వెనకే వచ్చాడు. రక్తపరీక్షల గదిలోంచి డాక్టరు భార్య కూడా చేతి తొడుగులతోనే బయటికొచ్చింది.

"అమ్మా! ఆయన ఆపరేషను వద్దంటున్నాడు. నీ రాకెట్ల కథ చదివి!"

"నెమ్మదిగా మాట్లాడు. జనం ఉన్నారు."

"ఉండనీ, వినాలనే చెప్తున్నా. నేను ఆర్నెల్లు తిరిగి తేదీ తెచ్చాను. నువ్వు వారంలో పడగొట్టావు. ఆయనకేమైనా అయితే వాళ్ళావిడకి నేనేం చెప్పాలి? మా అమ్మ కాలక్షేపం కోసం అయిందని చెప్పనా?"

స్టూలు మీదున్న మనిషి మెల్లగా లేచి గోడకి ఆనుకున్నాడు. కాంపౌండరమ్మ మాత్రం లేవలేదు.

"కాలక్షేపమా? నీ చీటీలో రాసిన మాత్ర మింగడానికి మనిషికి బతకాలని ఉండాలి కదరా. అది ఏ షాపులో దొరుకుతుంది? నేను దాని సంగతి చూస్తున్నాను."

"బాగా చూస్తున్నావు! చావడానికి ఒప్పించావు!"

ఆ మాట ఆవిడకి తగిలింది. డ్రైవరు పెద్దాయన ముఖంలోకి చూసి, తలొంచుకుని, మళ్ళీ ఎత్తింది. "మందు తప్పు కాదు. సగమే ఇచ్చాను, అది నా తప్పు. ఒప్పుకుంటాను. రెండో భాగం ఇప్పుడే ఇస్తాను."

బీరువా దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని అడుగు అరలో చెయ్యి పెట్టింది. అర ఖాళీగా ఉంది. లోపలి మూల దాకా తడిమింది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఇక్కడివి ఏమయ్యాయి?"

డాక్టరు చూపు పక్కకి తిప్పాడు. "నిన్న నువ్వు కళ్ళద్దాల షాపుకి వెళ్ళినప్పుడు పాతపేపర్లాయనకి ఇచ్చేశాను. అడుగు అరవే. అట్టలు ఊడిపోయి చిరిగిపోయినవి. ఈ గదిలో గుండెపరీక్ష మిషను పెట్టాలి. ఎలాగూ నీకు చెప్దామనే ఉన్నా. మిగతావి కూడా సర్దెయ్యాలి."

"బ్యాండేజీ గుడ్డతో కట్టిన పుస్తకం ఒకటుండాలి."

"అదీ ఉంది అందులో. చింకి పుస్తకం."

ఆవిడ నేల మీద అలాగే కూర్చుండిపోయింది. ఏడుస్తుందని కోడలు ముందుకొచ్చింది. ఆవిడ ఏడవలేదు. కోడలి చెయ్యి పట్టుకుని లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, స్టూలు ఒక చేత్తో, కవర్ల పెట్టె ఒక చేత్తో పట్టుకుని బయటికి నడిచింది. వరండాలో డాక్టరు పేరు చెక్కిన బోర్డు కింద స్టూలు వేసింది. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆ బోర్డుకున్న మేకుకే దారంతో వేలాడదీసింది.

'ఏ సైన్స్ ఫిక్షన్ పుస్తకం చదవాలో ఇక్కడ చెప్పబడును. ఫీజు లేదు. బెదిరింపులకు జవాబు లేదు.'

"అమ్మా, ఏమిటిది? నలుగురూ నవ్వుతారు," అన్నాడు డాక్టరు.

"నవ్వితే మంచిదే. నవ్వే ఓపికుంటే సగం రోగం తగ్గినట్టే. గదిలో నీ మిషను పెట్టుకో. వరండా మీ నాన్న కట్టించింది, నేనిక్కడ కూర్చుంటాను. తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవురా."

వరస మొత్తం తలుపు దగ్గర్నుంచి కదిలి వరండాలోకి జరిగింది. డాక్టరు వరసలోంచి కూడా ముగ్గురు జరిగారు.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మొగుడూ పెళ్ళామే ఉన్నారు. కాంపౌండరమ్మ తన కంచం వరండాలోకి పట్టుకుపోయింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను గానీ, మీరు చేసింది బాగాలేదండీ," అంది భార్య.

"నువ్వూ మొదలెట్టావా? ఆ చింకి పుస్తకం కొత్తది కొనిస్తాను. ఎక్కడ దొరికితే అక్కడ్నుంచి తెప్పిస్తాను."

"దొరకదు. అందులో ఉన్న టిక్కులు కొత్తదాంట్లో ఉండవు." ఆమె కంచం పక్కకి జరిపింది. "మావయ్యగారు మంచాన పడ్డప్పుడు మీరెక్కడున్నారు?"

"మెడికల్ కాలేజీలో. నీకు తెలుసుగా. నాన్నే రావద్దన్నాడు. పరీక్షలు పాడవుతాయని."

"ఆ పధ్నాలుగు నెలలూ అత్తయ్య ఆయనకి పుస్తకాలు చదివి వినిపించారు. ఆయనకి రాకెట్లంటే ఇష్టంట. రోజూ భోజనం తర్వాత రెండు అధ్యాయాలు. వార్డులో మందిచ్చాక చార్టులో రాసినట్టు, అధ్యాయం అవగానే పక్కన టిక్కు పెట్టి తేదీ వేసేవారు. నొప్పికి మెలికలు తిరుగుతూ కూడా ఆయన 'తర్వాతేమైంది?' అనడిగేవారట. ఆ మాట అడిగినంతకాలం మనిషి ఉంటాడని అత్తయ్యకి ధైర్యం. ఆ బ్యాండేజీ పుస్తకం వాళ్ళు చదివిన చివరిది."

డాక్టరు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడడిగారు? నేను అడిగితే నాకు చెప్పారు. ఇంకోటి కూడా చెప్పనా? తొమ్మిదో అధ్యాయం దగ్గర టిక్కులు ఆగిపోయాయి. ఆ తర్వాతి పేజీ అత్తయ్య ఇంతవరకూ చదవలేదు. ఇరవై మూడేళ్ళయింది."

ఊళ్ళో ప్రతివాడినీ కోర్సు పూర్తి చెయ్యమని తిట్టిపోసే మనిషి! డ్రైవరు పెద్దాయన మూడుసార్లు అడిగినా రేపు, ఎల్లుండి అని ఎందుకు తిప్పిందో డాక్టరుకి అప్పుడు తెలిసింది. చదవని మందు ఎవరికీ ఇవ్వదు తను. చదవడానికి చేతులు రాలేదు.

అతను చెయ్యి కడుక్కుని, తెల్లకోటు కూడా విప్పకుండా బయల్దేరాడు. వరండాలో తల్లి పక్కనుంచే వెళ్ళాడు. ఆవిడ చూడనట్టు కవర్లు సర్దుకుంది.

పాతపేపర్ల షెడ్డు బజారు చివర ఉంది. కట్టలు కట్టిన కాగితాలు కప్పు దాకా ఉన్నాయి. వాటి మధ్య త్రాసు పళ్ళెంలో కాళ్ళు పెట్టుకుని, ఒక పేపర్ల కట్ట మీద కూర్చుని పాతపేపర్లాయన పుస్తకం చదువుకుంటున్నాడు. మోకాలి మీద బ్యాండేజీ గుడ్డ వేలాడుతోంది.

"అది నాకు కావాలి," అన్నాడు డాక్టరు.

"ఇవ్వను సార్." తలెత్తకుండానే జవాబొచ్చింది. "ఇరవయ్యో అధ్యాయంలో ఉన్నాను. మంచి పట్టులో ఉంది."

"అది మా అమ్మది."

"మీ అమ్మగారిదైతే గోతంలో వేసి నాకెందుకిచ్చారు?"

డాక్టరు మొహం చూసి పాతపేపర్లాయనకే జాలేసినట్టుంది. పుస్తకం మూయకుండా ఇటు తిప్పి చూపించాడు. "ఇందులో టిక్కులున్నాయి సార్. పక్కన తేదీలు. తొమ్మిదో దాని దాకా ఒక్క రోజు తప్పలేదు, తర్వాత ఖాళీ. ఎవరో పాపం."

డాక్టరు తొమ్మిదో అధ్యాయం చివర చూశాడు. తల్లి చేతి టిక్కు. పక్కన తేదీ. ఆ రోజు అతనికి ప్రాక్టికల్ పరీక్ష. తెల్లారి హాస్టల్‌కి ఫోనొచ్చింది. గుండె చప్పుడు ఎలా వినాలో పరీక్షాధికారికి చెప్తున్న పూటే తండ్రి 'తర్వాతేమైంది?' అని చివరిసారి అడిగి ఉంటాడు. ఇరవై మూడేళ్ళుగా ఆ పుస్తకాల మీద అతనికున్న కోపం ఎక్కడిదో అతనికిప్పుడు అర్థమైంది. తండ్రి దగ్గర అవి ఉన్నాయి, తను లేడు. పాత కాగితాల మధ్య, త్రాసు పట్టుకుని నిలబడి, డాక్టరు పసివాడిలా ఏడ్చాడు.

"అయ్యో, ఇదేంటి సార్! ఏడవకండి. పదండి, నేనూ వస్తా," అన్నాడు పాతపేపర్లాయన కంగారుగా. "కానీ పుస్తకం నా చేతిలోనే ఉంటుంది. అదీగాక మొదటి భాగం కావాలి నాకు. తల లేని మొండెం చదువుతున్నట్టుంది."

సాయంత్రం అయిదింటికి వరండాలో జనం పలచబడ్డారు. డ్రైవరు పెద్దాయన మాత్రం పొద్దుటినుంచీ మెట్టు మీదే ఉన్నాడు. రెండో భాగం సంగతి తేలకుండా ఇంటికెళ్ళనని కాంపౌండరమ్మ కోడలికి చెప్పాడు. పాతపేపర్లాయన మూడు చక్రాల బండి మీద కట్టల పక్కన కూర్చుని వస్తున్న డాక్టరుని చూసి వీధి వీధంతా ఆగిపోయింది.

బ్యాండేజీ గుడ్డని చూడగానే కాంపౌండరమ్మ లేచి నిలబడింది. చెయ్యి చాచింది గానీ ముట్టుకోలేదు.

"అమ్మా, నన్ను తిట్టు."

"ఎందుకు తిట్టడం? దొరికిందిగా. లోపల పెట్టు."

"లోపల పెట్టను. పదో అధ్యాయం చదువు."

ఆవిడ మొహం బిగుసుకుంది. "నీకెవరు చెప్పారు?" కోడలి వైపు చూసింది. కోడలు చూపు తిప్పుకోలేదు.

"చదవను. నా ఇష్టం. లోకానికంతా చెప్తాను, నేను మాత్రం చదవను. ఏం చేస్తావు?" కొంగు నడుముకి దోపింది. "తొమ్మిదో దాంట్లో ఆ కెప్టెన్ ఇంజను గదికి తిరిగొస్తుంది. మీట మీద వేలు పెట్టి నిలబడుతుంది. అంతవరకూ ఆయన విన్నారు. నేనిప్పుడు పేజీ తిప్పితే ఆయన్ని అక్కడ వదిలేసి నేనొక్కదాన్నే ముందుకెళ్ళినట్టు కాదట్రా?"

డాక్టరు కవర్ల పెట్టెలోంచి ఒక కవరు తీశాడు. జేబులో పెన్నుతో దాని మీద రాశాడు. పేరు అన్నచోట 'అమ్మ' అని రాశాడు. 'సాయంత్రం' అని గడి లేదు, గీసి టిక్కు పెట్టాడు. 'కోర్సు పూర్తి చెయ్యాలి' అని రాసి కింద గీత గీశాడు.

"నాకే చీటీ రాస్తున్నావా?" అందావిడ. "ఎంత ధైర్యం!"

"నీ దగ్గర నేర్చుకున్నదే. నేను చదువుతాను, నువ్వు విను. అప్పుడు నాన్న దగ్గర నేను లేను. ఈ ఒక్కటీ నన్ను చదవనీ."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. డాక్టరు పాతపేపర్లాయన చేతిలోంచి పుస్తకం తీసుకుని, మెట్టు మీద డ్రైవరు పెద్దాయన పక్కన కూర్చుని తెరిచాడు. చదవడం మొదట్లో మందుల చీటీ చదివినట్టే ఉంది. నాలుగు వాక్యాలయ్యాక గొంతు దారిలో పడింది.

ఓడలో వంటమనిషి ఇంజను గది తలుపు కొట్టింది. ఎంతసేపు నిలబడతావు, అంది. నొక్కలేకపోతున్నాను, వేలు వణుకుతోంది, అంది ముసలి కెప్టెన్.

"ఇప్పుడు చూడండి ఏమవుతుందో," అన్నాడు పాతపేపర్లాయన.

"నువ్వు నోర్ముయ్యవయ్యా!" అన్నారు నలుగురూ ఒక్కసారే.

డాక్టరు తర్వాతి వాక్యం చదివాడు. "వణకనీ. వణికే వేలితో నొక్కితే ఇంజను తిరగనంటుందా? లోపల మూడువందలమంది నిన్ను నమ్ముకుని నిద్రపోతున్నారు."

డ్రైవరు పెద్దాయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. నలభై ఏళ్ళు స్టీరింగు పట్టిన చెయ్యి. కెప్టెన్ మీట నొక్కడం, గోడలు దడదడలాడటం, మూడువందలమంది ఒకరొకరే లేచి కూర్చోవడం అన్నీ విన్నాడు. అధ్యాయం అయిపోయాక పక్కకి తిరిగాడు.

"డాక్టరుగారూ, ఆపరేషను అయ్యాక ఎన్నాళ్ళు పడుకోవాలన్నారు?"

"మూడు వారాలు."

"అయితే అమ్మగారూ, మూడు వారాలకి సరిపడా రాసివ్వండి. ఇలాంటివే. సగాలు మాత్రం ఇవ్వకండి. మా ఆవిడ చదివి పెడుతుంది."

"ఇవ్వను అన్నయ్యగారూ. ఇకమీదట సగాలు ఎవరికీ ఇవ్వను," అంది కాంపౌండరమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, కానీ తల వంచలేదు. కొడుకు వైపు తిరిగింది. "నేను మాత్రం లోపలికి రాను. ఇక్కడ గాలి బాగుంది. ఆ అట్ట కూడా తియ్యను."

"తియ్యొద్దు. దారంతో నిలబడదు, రేపు ఇంకో మేకు కొడతాను."

ఆవిడ పుస్తకం తీసుకుంది. కళ్ళద్దాల పెట్టెలోంచి పెన్సిలు ముక్క తీసి, పదో అధ్యాయం చివర టిక్కు పెట్టింది. పక్కన ఆ రోజు తేదీ వేసింది. పేజీని ఒకసారి అరచేత్తో నిమిరి, పుస్తకం తిరిగి కొడుకు చేతికిచ్చింది.

"ఊఁ," అంది. "తర్వాతేమైంది?"

రోజుకి రెండు అధ్యాయాలు కదా. డాక్టరు పేజీ తిప్పాడు.